బఫర్‌లో ఏముంది? ఫేజ్ ఎంజైమ్‌తో నా ఐదేళ్లు

ఆ రిపోర్టు కాగితం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కిందే ఉంది. ఎడమవైపు మందుల పేర్లు, కుడివైపు ఒక్కొక్క అక్షరం. మెరోపెనెమ్ ఎదురుగా ఆర్. ఇమిపెనెమ్, ఆర్. సెఫ్టాజిడిమ్, అమికాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, పిపరాసిలిన్-టాజోబాక్టమ్, అన్నీ ఆర్. ఆఖర్న కొలిస్టిన్ ఎదురుగా మాత్రం ఐ. ఆర్ అంటే రెసిస్టెంట్, ఆ మందు వేసినా వెయ్యకపోయినా ఒకటే. ఐ అంటే ఇంటర్మీడియట్, మన మాటల్లో ‘ఏమో, చూడాలి’. పనిచేస్తుందని చెప్పే ఎస్ అక్షరాన్ని కొలిస్టిన్ విషయంలో అమెరికా ప్రమాణాల సంస్థ 2020లోనే తీసేసింది. అంటే ఆ కాగితం మీద అంతకంటే మంచి అక్షరం పడే వీలే లేదు.

పేషెంటు పేరున్న చోట నల్ల స్కెచ్ పెన్నుతో కొట్టేసి ఇచ్చారు హాస్పిటల్ మైక్రోబయాలజిస్టు డాక్టర్ గారు. 2020 చివరి నెలలు. ఐసీయూలన్నీ కోవిడ్ పేషెంట్లతో నిండి ఉన్నాయి. ‘‘వెంటిలేటర్ గొట్టం నుంచి వచ్చింది. జాగ్రత్త బాబూ, ఇది అంటుకుంటే మా దగ్గర ఇవ్వడానికి పెద్దగా ఏం లేదు’’ అన్నారు. చిటికెన వేలంత ట్యూబు. లోపల ఉన్నది అసినెటోబాక్టర్ బౌమనీ. పొడి బల్లల మీద, మంచం రేకుల మీద వారాల తరబడి బతికే బాక్టీరియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో కొత్త మందులు అత్యవసరంగా కావలసిన సూక్ష్మజీవుల జాబితా వేస్తే, కార్బపెనెమ్‌లకు (మెరోపెనెమ్, ఇమిపెనెమ్ తరహా మందులకు) లొంగని ఈ రకాన్ని అందరికంటే పైవరుసలో పెట్టింది. 2024లో జాబితా మార్చి రాసినప్పుడు కూడా దీన్ని పైవరుసలోంచి దించలేదు.

నేను పీహెచ్‌డీలో చేరింది 2020 జనవరిలో. హైదరాబాద్‌లో ఒక మామూలు ల్యాబ్. చేరిన రెండు నెలలకే లాక్‌డౌన్. సూర్యాపేటలో ఇంటి డాబా మీద కూర్చుని ఫోన్‌లో పేపర్లు చదువుతుంటే అమ్మ అడిగింది, ‘‘ఊరంతా వైరస్‌కి భయపడి తలుపులేసుకుంటుంటే, నువ్వు వైరస్ మీదే చదువుతానంటావేంరా?’’ అని. ఇది మనుషుల జోలికొచ్చే వైరస్ కాదు, బాక్టీరియాని తినే వైరస్ అని చెప్పాను. ‘‘ఏదైతేనేం, పురుగే కదా’’ అంది. ఐదేళ్లుగా ఆవిడ అభిప్రాయం మారలేదు.

బాక్టీరియా మీద బతికే వైరస్‌ని బాక్టీరియోఫేజ్ అంటారు, ముద్దుగా ఫేజ్. 1915లో ట్వార్ట్, 1917లో డెరెల్ వీటిని వేర్వేరుగా కనిపెట్టారు. దానికి ఇరవై ఏళ్ల ముందే, 1896లో, ఆగ్రాలో పనిచేసిన హాంకిన్ అనే ఇంగ్లీషాయన గంగ, యమున నీళ్లు కలరా క్రిముల్ని చంపుతున్నాయని, ఆ నీళ్లని మరిగిస్తే ఆ గుణం పోతుందని రాశాడు. అది ఫేజ్‌ల పనే అని చాలామంది అంటారు, కొంతమంది ఒప్పుకోరు. నేను మాత్రం సెమినార్ మొదటి స్లైడ్‌లో హాంకిన్‌నే పెట్టేవాణ్ణి. గంగ పేరు చెప్తే హాల్లో నిద్రపోయేవాళ్లు కూడా ఒకసారి తలెత్తుతారు.

మా పని అసలు ఫేజ్‌తో కాదు, దాని దగ్గరున్న కత్తెరతో. ఫేజ్ బాక్టీరియాలో దూరి తన పిల్లల్ని తయారు చేసుకుంటుంది. తయారయ్యాక బయటికి రావాలి. చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి వల ఉంటుంది, అదే బాక్టీరియా గోడ. అప్పుడు రెండు ప్రొటీన్లు పనికి దిగుతాయి. హోలిన్ అనేది లోపలి పొరకి చిల్లులు పెడుతుంది. ఆ చిల్లుల్లోంచి ఎండోలైసిన్ అనే ఎంజైమ్ గోడ దాకా వెళ్లి దాని కట్లు కోసేస్తుంది. కణం లోపల ఒత్తిడి సైకిల్ టైరులో గాలంత ఉంటుంది, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. గోడ తెగిందంటే ట్యూబు పేలినట్టే. పెనిసిలిన్ లాంటి మందులు తాపీమేస్త్రీ చేతులు పట్టుకుంటాయి, కొత్త గోడ కట్టనివ్వవు. ఎండోలైసిన్, పొట్టిగా లైసిన్, అలా కాదు, కట్టి ఉన్న గోడనే కోస్తుంది. అందుకే దానికి గంటలు అక్కర్లేదు, నిమిషాలు చాలు. ఆ బాక్టీరియాకి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో లేదో దానికి అనవసరం.

ఈ కత్తెరని బయటి నుంచి వేస్తే ఏమవుతుందని న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఫిషెట్టి అనే శాస్త్రవేత్త బృందం చూసింది. 2001లో ఎలుకల గొంతులో స్ట్రెప్టోకాకస్ మీద, 2002లో ఆంత్రాక్స్ జాతి బాక్టీరియా మీద పనిచేసిందని చూపించారు. అయితే ఆ రెండూ గ్రామ్ పాజిటివ్ రకాలు. వాటికి గోడే బయటి హద్దు, కత్తెర తిన్నగా వెళ్లి గోడకే తగులుతుంది. మా అసినెటోబాక్టర్ గ్రామ్ నెగటివ్. గోడ మీద వానకోటులా ఇంకో పొర ఉంటుంది. ఆ కోటు పైభాగమంతా ఎల్‌పీఎస్ అనే కొవ్వు-చక్కెర అణువులు. వాటిని మెగ్నీషియం, కాల్షియం అయాన్లు బొత్తాల్లా పట్టి ఉంచుతాయి. బయటి నుంచి ఎంత పదునైన కత్తెర తెచ్చినా ఆ కోటు దాటదు. లోపలి నుంచి తలుపు తీసుకుని బయటికి రావడానికి పుట్టిన ఎంజైమ్‌కి బయటి నుంచి లోపలికి దారి నేర్పడం, అదీ నా పీహెచ్‌డీ.

మొదటి మెట్టు మురుగునీళ్లు. బాక్టీరియా ఎక్కడుంటే దాన్ని తినే ఫేజ్ అక్కడే ఉంటుంది. మా ల్యాబ్ టెక్నీషియన్ అన్నా నేనూ బకెట్, తాడు, రెండు జతల గ్లవ్స్ పట్టుకుని మూసీలో కలిసే ఒక నాలా దగ్గరికి వెళ్లేవాళ్లం. ‘‘సార్, పీహెచ్‌డీ అంటే ఏసీ గదిలో కోటేసుకుని ఉంటారనుకున్నా’’ అనేవాడు తాడు వదులుతూ. తెచ్చిన నీళ్లని 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకడితే బాక్టీరియా పైన ఆగిపోతుంది, ఫేజ్ కిందికి దిగుతుంది. దాన్ని మా ట్యూబులోని బాక్టీరియాతో కలిపి, మెత్తటి అగార్‌లో పోసి, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర పెట్టాలి. పొద్దున్న ప్లేటంతా బాక్టీరియా పాలమీగడలా పరుచుకుని ఉంటుంది. ఫేజ్ ఉంటే ఆ మీగడలో జల్లెడ చిల్లుల్లా గుండ్రటి ఖాళీలు కనిపిస్తాయి. వాటినే ప్లాక్‌లంటారు.

తొమ్మిదోసారికి వచ్చాయి. ఒక్కొక్క ప్లాక్ చుట్టూ చంద్రుడికి వరదగుడి కట్టినట్టు మసక వలయం. ఎంజైమ్ బయటికొచ్చి చుట్టుపక్కల కణాల్ని కూడా చంపేస్తోంది, వానకోటు సమస్యే లేదు, మన పని అయిపోయింది అనుకుని మా గైడ్ మేడమ్ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ ప్లేటుని లైటుకెదురుగా పెట్టి చూసి, ‘‘వలయంలో కణాలు చచ్చాయా? తీసి కొత్త ప్లేటు మీద గీసి చూశావా?’’ అన్నారు. చూడలేదు. చూస్తే బతికే ఉన్నాయి. ఆ వలయం వేసేది ఎండోలైసిన్ కాదు, ఫేజ్ తోకకుండే డీపాలిమరేజ్ అనే వేరే ఎంజైమ్. అది బాక్టీరియా ఒంటి మీద జిగురు తొడుగుని మాత్రమే తినేస్తుంది. మరుసటి నెల పేపర్లు తిరగేస్తుంటే ప్రతి రెండో అసినెటోబాక్టర్ ఫేజ్‌కీ ఆ వలయం ఉంటుందని తెలిసింది.

ఫేజ్ డీఎన్‌ఏ మొత్తం చదివిస్తే 41 వేల అక్షరాలు వచ్చాయి. చివరి వైపు హోలిన్ లాంటి జన్యువు, దాన్ని ఆనుకుని మాకు కావలసినది. 185 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్. దాని తోక వైపు పాజిటివ్ చార్జి ఉన్న లైసిన్, ఆర్జినిన్ అమైనో ఆమ్లాలు గుంపుగా ఉన్నాయి. అమైనో ఆమ్లం పేరూ లైసినే, ఎంజైమ్ పేరూ లైసినే. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అక్షరాలు, ఆ తిప్పలు నాకొక్కడికే తెలుసు. ఇక నుంచి లైసిన్ అంటే ఎంజైమ్ అనే అర్థం చేసుకోండి.

ఆ జన్యువుని ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంలో పెట్టి ఈ.కోలై అనే ల్యాబ్ బాక్టీరియాకి ఎక్కించడం, ఐపీటీజీ అనే రసాయనం వేసి ప్రొటీన్ తయారు చేయించడం, ఇవన్నీ ఏ ల్యాబ్‌లోనైనా రోజూ జరిగేవే, చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. లోపల అంత కత్తెర నిండి ఉన్నా ఈ.కోలై చావదు. చిల్లులు పెట్టే హోలిన్ లేదు కదా, కత్తెర లోపలి పొర దాటి గోడ దగ్గరికి వెళ్లలేదు. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ముద్ద చేసి, ఫ్రీజర్‌లో పెట్టి, మర్నాడు తీసి ఐసు మీద కరగనిచ్చాను. పది నిమిషాల్లో ముద్ద కాస్తా నీళ్లతో కలిసిపోయి తీగపాకంలా సాగింది. పైపెట్ టిప్ ముంచి ఎత్తితే టిప్‌తోపాటు జానెడు తీగ లేచింది. గడ్డకట్టి కరిగేసరికి లోపలి పొర చిరిగింది, లోపలున్న ఎంజైమ్ తన ఇంటి గోడే కోసేసింది, కణంలోని డీఎన్‌ఏ అంతా బయటపడింది. ఆ తీగ చూసి నాకు భయం వేయలేదు, ఎవరికైనా చూపించాలనిపించింది. రాత్రి పదకొండున్నర, ల్యాబ్‌లో ఎవరూ లేరు. ఫోటో తీసి ఇంటికి పంపాను. ‘‘తిన్నావా?’’ అని రిప్లై వచ్చింది.

నికెల్ కాలమ్ మీద ప్రొటీన్ శుద్ధి చేశాను. జెల్ మీద ఇరవై రెండు కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర ఒకే ఒక నీలం గీత. క్లోరోఫామ్‌తో పైకోటు పాడుచేసిన కణాల మీద వేస్తే పాలనీళ్లలా ఉన్న ట్యూబు కళ్లముందే తేటపడింది. అంటే కత్తెరకి పదునుంది. ఇక కోటున్న, బతికున్న కణాల మీద వేసి చూడాలి. 2022 ఫిబ్రవరిలో వేశాను. మర్నాడు పొద్దున్న ఇంక్యుబేటర్ తెరిస్తే నీళ్లు మాత్రం వేసిన ప్లేట్ల మీద లెక్కపెట్టలేనన్ని కాలనీలు, లైసిన్ వేసిన ప్లేటు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. రెండోసారి వేశాను. మళ్లీ ఖాళీ. మూడోసారి కూడా.

ఆ సాయంత్రం ల్యాబంతా కలిసి ఇరానీ హోటల్‌కి వెళ్లాం, బిల్లు నాది. ఏ మార్పూ చెయ్యకుండా, ఏ తోకా తగిలించకుండా, మామూలు లైసినే కోటు దాటి చంపేస్తోందంటే అది చిన్న విషయం కాదు. పేపర్ టైటిల్ కూడా చాయ్ తాగుతూ రాసేసుకున్నాం.

సోమవారం మీటింగ్‌లో మేడమ్ ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ‘‘బఫర్‌లో ఏముంది?’’

ప్రొటీన్ పాడవకుండా నిలవ ఉంచే ద్రావణాన్ని బఫర్ అంటారు, అందులో నేను ఈడీటీఏ అనే రసాయనం వేశాను. కాలమ్ నుంచి వచ్చిన ప్రొటీన్‌ని ముక్కలు చేసే ఎంజైమ్‌లకి అడ్డుకట్టగా అది అందరూ వేసేదే, ఎవరో సీనియర్ నోట్‌బుక్‌లోంచి చూసి రాసుకున్నాను. ఈడీటీఏ చేసే పని మెగ్నీషియం, కాల్షియం అయాన్లని లాక్కోవడం. అంటే వానకోటు బొత్తాలు ఊడదీయడం. నేను కోటు విప్పి కత్తెర వేసి, కత్తెరే కోటు విప్పిందనుకున్నాను. నీళ్లు కాకుండా, లైసిన్ లేని అదే బఫర్ వేసిన ప్లేటు ఒకటి ఉండాల్సింది. లేదు. ఆ ఒక్క ప్లేటు పెట్టనందుకు మూడు వారాలు, ఒక చాయ్ బిల్లు. ఈడీటీఏ లేకుండా మళ్లీ చేస్తే లైసిన్ వేసిన ప్లేటూ వెయ్యని ప్లేటూ కవలపిల్లల్లా ఉన్నాయి.

మేడమ్ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ‘‘మంచిదే, పదునైతే ఉందని తెలిసింది కదా’’ అని తన గదిలోకి వెళ్లిపోయారు. నేను మాత్రం వారం రోజులు మెస్‌లో ఎవరి పక్కనా కూర్చోలేదు.

కోటు దాటించడానికి బెల్జియంలోని లూవెన్ వాళ్లు 2014లో ఒక దారి చూపించారు. లైసిన్‌కి పాజిటివ్ చార్జి ఉన్న పెప్టైడ్‌ని, అంటే చిన్న ప్రొటీన్ ముక్కని, అతికించారు. ఎల్‌పీఎస్‌కి ఉండేది నెగటివ్ చార్జి. పెప్టైడ్ వెళ్లి అక్కడ అతుక్కుని, బొత్తాల్లాంటి అయాన్లని పక్కకి తోసి, సందు చేస్తుంది. వెనకే కత్తెర దూరుతుంది. సూడోమోనాస్ ఫేజ్ నుంచి తీసిన లైసిన్‌కి గొర్రెలో దొరికే 29 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ని కలిపి వాళ్లు ఆర్టిలైసిన్ అని పేరు పెట్టారు. విత్తనం ఎక్కడిదో, అంటు ఎక్కడిదో, మా నాన్న నిమ్మ చెట్టుకి అంటుకట్టినట్టు.

నేనూ అదే గొర్రె పెప్టైడ్‌తో మొదలుపెట్టాను. ఈసారి ఈ.కోలైకి నచ్చలేదు. ప్రొటీనంతా కణం లోపల కరగని ముద్దలా పేరుకుపోయింది. ఉష్ణోగ్రత 37 నుంచి 18కి దించాను, ఐపీటీజీ పదో వంతుకి తగ్గించాను, రాత్రంతా మెల్లగా తిప్పాను. కొంచెం కరిగింది. కరిగింది కూడా డీఎన్‌ఏకి అతుక్కుని వదల్లేదు, పాజిటివ్‌కి నెగటివ్ తోడు కదా. కాలమ్‌ని ఒక మోలార్ ఉప్పునీళ్లతో మళ్లీ మళ్లీ కడిగితే కానీ శుభ్రపడలేదు. ఇలా చెప్తే రెండు వాక్యాలు, చెయ్యడానికి ఏడు నెలలు.

చంపడం మాత్రం చంపింది. ఈడీటీఏ లేకుండా, పక్కన బఫర్ ప్లేటు పెట్టి, అన్నీ సరిగ్గా చేసి చూసినా ప్లేటు దాదాపు ఖాళీ. కానీ ఎర్ర రక్తకణాల మీద వేసి చూడాలి కదా. ఎథిక్స్ కమిటీ అనుమతితో తెచ్చిన రక్తాన్ని కడిగి, 96 గుంటల ప్లేటులో వేసి, గంట ఆగి తిప్పాను. మందు రక్తకణాల జోలికి పోకపోతే కణాలు అడుగున ఎర్రటి బొట్టులా కూర్చుని పైన నీళ్లు తేటగా ఉండాలి. నా వరుసలో డోసు పెరిగేకొద్దీ పైన నీళ్లు రోజామిల్క్ రంగుకి వచ్చాయి. గొర్రె పెప్టైడ్ మన కణాల్ని కూడా వదలదని పేపర్లలో ముందే రాసి ఉంది. నాకు అది వర్తించదని ఎందుకనుకున్నానో ఇప్పటికీ తెలీదు.

అప్పుడు మేడమ్ సలహా మీద గొర్రె పెప్టైడ్ బదులు మా లైసిన్ తోకనే వాడాం. రాక్‌ఫెల్లర్ వాళ్లు అసినెటోబాక్టర్ లైసిన్ ఒకదాని తోక ముక్కే విడిగా బాక్టీరియాని చంపుతుందని చూపించి ఉన్నారు. మేం ఆ చోటులోని అమైనో ఆమ్లాల్ని ఒకటొకటిగా మార్చుకుంటూ పోయాం, మధ్యలో అతుకు ముక్క పొడుగు మార్చాం, ముందు అతికించి చూశాం, వెనక అతికించి చూశాం. మొత్తం 31 రకాలు చేశాం. 23వ దాని దగ్గర రక్తకణాల ప్లేటు తేటగా ఉంది, బాక్టీరియా ప్లేటు ఖాళీగా ఉంది.

ఇక్కడితో కథ కంచికి అనుకుంటారు. బఫర్‌లో ఏముందంటే, 20 మిల్లీమోలార్ హెపెస్ అనే రసాయనం. అంతే. ఉప్పు లేదు.

సెలైన్ బాటిల్ మీద 0.9 శాతం అని రాసి ఉంటుంది చూడండి, అది 154 మిల్లీమోలార్ల ఉప్పు. మన రక్తం ఉప్పదనం సుమారుగా అంతే. 23వ నంబరుని ఆ ఉప్పులో వేస్తే ప్లేటు సగం నిండిపోయింది. మనిషి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే నీళ్లలో, వేస్తే పూర్తిగా నిండిపోయింది. కారణం మళ్లీ ఆ చార్జే. పాజిటివ్ తోక నెగటివ్ కోటుని వెతుక్కుంటూ వెళ్లడం మీదే మొత్తం ఆట నడుస్తోంది. నీళ్లలో సోడియం, క్లోరైడ్ అయాన్లు కిక్కిరిసి ఉంటే ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తుపట్టవు, జాతరలో తప్పిపోయిన పిల్లల్లా. సీరంలో అది చాలదన్నట్టు బొత్తాలు కుట్టే కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, తోకకి అతుక్కుపోయే ప్రొటీన్లు ఉంటాయి.

ఇది నా ఒక్కడి బాధ కాదు. గ్రామ్ నెగటివ్‌ల మీద లైసిన్లతో పనిచేసే వాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఉప్పు దగ్గర తలకొట్టుకున్నవాళ్లే. కోపం వచ్చేది దానికి కాదు. పేపర్లో మొదటి బొమ్మ అందంగా ఉంటుంది, బాక్టీరియా లక్షోవంతుకి పడిపోయినట్టు గీత నిలువునా దిగుతుంది. ఏ బఫర్‌లో చేశారన్నది ఎక్కడో పద్ధతుల విభాగంలో చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. ఇప్పుడు నేను ఏ పేపర్ తెరిచినా ముందు ఆ చీమతలకాయల దగ్గరికే పోతాను.

2022లోనే ఇంకో వార్త వచ్చింది. గ్రామ్ పాజిటివ్‌ల మీద, కోటు గొడవ లేని చోట, మనుషుల దాకా వెళ్లిన లైసిన్ ఎక్సెబకేస్. స్టాఫిలోకాకస్ రక్తానికి పాకిన పేషెంట్లకి యాంటీబయాటిక్‌తో పాటు ఇచ్చి చూశారు. రెండో దశలో, ముఖ్యంగా ఎంఆర్‌ఎస్‌ఏ (మెథిసిలిన్ మందుకి లొంగని స్టాఫిలోకాకస్) ఉన్నవాళ్లలో, ఆశ పుట్టించింది. మూడో దశ మధ్యలో లెక్కలు చూసి, కొనసాగించినా ప్రయోజనం తేలదని ఆపేశారు. ఆ రోజు ల్యాబ్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. అంత డబ్బు, అంత మంది, కోటు లేని బాక్టీరియా, అయినా ఆగిపోయింది. మేము ఇంకా ఉప్పు దగ్గరే ఉన్నాం.

మన దేశంలోనూ ఈ దారిలో నడిచినవాళ్లున్నారు. బెంగళూరులోని గంగాజెన్ వాళ్లు కె అనే ఫేజ్ తోకలోని ఎంజైమ్ ముక్కకి, లైసోస్టాఫిన్ అనే వేరే ప్రొటీన్ నుంచి స్టాఫిలోకాకస్‌ని పట్టుకునే ముక్కని కలిపి పి128 అనే మందు చేశారు. ఒక ముక్క పట్టుకుంటుంది, ఇంకో ముక్క కోస్తుంది. నేను దాని గురించి చదివింది మొదటి సంవత్సరంలోనే. అయినా ‘పట్టుకునే ముక్క’ అన్న ఆలోచన నా అసినెటోబాక్టర్‌కి కూడా పనికొస్తుందేమో అని తట్టడానికి నాలుగేళ్లు పట్టింది. చార్జిని నమ్ముకుంటే ఉప్పు చెడగొడుతుంది సరే, చార్జి కాకుండా ఆకారాన్ని చూసి పట్టుకునే ముక్క ఉంటే? బెల్జియంలోనే గెంట్ వాళ్లు 2020లో ముక్కల్ని లెగో బిళ్లల్లా వేల రకాలుగా కలిపి చూసే పద్ధతి పెట్టి, సీరంలో కూడా అసినెటోబాక్టర్‌ని చంపే లైసిన్‌ని ఏరారు. అంటే దారి లేక కాదు. 31 రకాలు చేసి అలసిపోయినవాడికి వేల రకాలంటే గుండె జారుతుంది, అంతే.

మధ్యలో మైనపు పురుగుల సంగతి. ఎలుకల దాకా వెళ్లే ముందు గలేరియా అనే పురుగు మీద చూస్తారు. తేనెపట్టుల్లో మైనం తిని పాడుచేసే పురుగే, తేనెటీగలు పెంచేవాళ్లకి శత్రువు. నల్గొండ వైపు ఒక పెంపకందారు దగ్గర పాడైపోయిన పట్టు అడిగితే ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. ‘‘అందరూ తేనె అడుగుతారు, నువ్వు పురుగు అడుగుతున్నావు. పైసలేం వద్దు, తీసుకుపో.’’ పురుగు వెనక కాలి మొదట్లో సన్నటి సూదితో పది మైక్రోలీటర్లు ఎక్కించాలి. ముందు బాక్టీరియా, గంట తర్వాత లైసిన్. బతికితే మీగడ రంగులో మెదులుతూ ఉంటుంది, చస్తే ఒళ్లంతా నల్లబడుతుంది. 23వ నంబరు ఇచ్చినవి బాక్టీరియా మాత్రమే ఇచ్చినవాటికంటే ఒక పూట ఆలస్యంగా నల్లబడ్డాయి. థీసిస్‌లో దాన్ని గ్రాఫ్‌గా పెట్టాను. పరీక్షకుడు ‘మరణం వాయిదా పడినట్టుంది’ అని రాశారు, నాకు కాదనడానికి ఏమీ దొరకలేదు.

థీసిస్ ఇచ్చాక ఆరు నెలలు అదే ల్యాబ్‌లో ఉండిపోయాను, కొత్తగా చేరిన అమ్మాయికి పని అప్పజెప్పడానికి. గుంటూరు నుంచి వచ్చింది, పైపెట్ పట్టుకుంటే చెయ్యి కదలదు. ఫేజ్ తోకల్లోంచి జిగురు తొడుగుని పట్టుకునే ముక్క తీసి లైసిన్‌కి అతికిద్దామని తన ఆలోచన. నేను మొదటి సంవత్సరం ప్లేటు పట్టుకుని పరుగెత్తిన వరదగుడి ఉంది చూశారా, ఆ వలయం వేసే డీపాలిమరేజ్‌లోంచే. కొయ్యదు, పట్టుకుంటుంది అంతే. చక్కెర ఆకారాన్ని చూసి పట్టుకుంటుంది, చార్జిని చూసి కాదు. అన్ని రకాల అసినెటోబాక్టర్ మీదా పనిచెయ్యదు, తొడుగు మారితే పట్టు తప్పుతుంది. ఆ మాట తనే ముందు చెప్పింది.

మొన్న జూన్‌లో ఒక శనివారం, వాన పడుతోంది. ఊరికి బస్సెక్కడానికి బ్యాగు సర్దుకుంటున్నాను. తలుపు తోసుకుని వచ్చింది, చేతిలో రెండు ప్లేట్లు. ‘‘అన్నా, ఖాళీ’’ అంది. రెండో ప్లేటు లైసిన్ లేని బఫర్‌ది, నేను అడగకముందే తెచ్చింది. దాని నిండా కాలనీలు.

‘‘బఫర్‌లో ఏముంది?’’ అన్నాను, బ్యాగు జిప్ లాగుతూనే.

‘‘ఉప్పు. నూటయాభై.’’

బ్యాగు కుర్చీలో పెట్టి, ప్లేటు ఇలా ఇవ్వమని లైటు దగ్గరికి నడిచాను.